స్పీకర్లు కొన్నోళ్లకు నేను చెప్పే పేరు గౌహర్ జాన్

గీ నడుమ మా దిక్కు పిల్లలు చేతిల నాలుగు పైసలు పడంగనే మంచి స్పీకర్లు, ఆంప్లిఫయర్ కొనుక్కుంటున్నరు. పెండ్లి బరాత్‌ల డీజే వేరు, ఇంట్ల నిమ్మళంగ కూసొని పాట ఇనుడు వేరు అని తెలిసినోళ్లు పెరిగిన్రు. నాకు పాత ఆంప్లిఫయర్లు బాగుచేసుడు అలవాటు. గందుకే సెట్టు కొన్నోళ్లు నన్ను ఒక్కటే అడుగుతరు. దీని సత్తా తెల్వాలంటే ఆడోళ్లు పాడిన ఏ ఆల్బమ్ పెట్టాలె, ఎవ్వరి రికార్డింగ్ మంచిగుంటది అని.

ఆడ గొంతే అడుగుడుల అర్థం ఉన్నది. మనిషి చెవి 2000 నుంచి 5000 హెర్ట్జ్ నడుమ మస్తు చురుకుగ ఉంటది. ఆడ గొంతుల పదును కూడా ఎక్కువగ ఆ జాగలనే తెలుస్తది. స్పీకర్‌ల లోపం ఉంటే డోలు దెబ్బల దాక్కుంటది గని ఆడ గొంతుల దాక్కోదు.

నేను చెప్పే పేరు ఇంటే మాత్రం అందరు నా మొకం దిక్కు జూస్తరు. గౌహర్ జాన్. ఆమె చచ్చిపోయి తొంభై ఐదేండ్లు దాటింది. పాటల ఆల్బమ్‌లు అలవాటు కాకముందు పాడిన మనిషి. ఆమె ప్లేట్లు పెడితే పాట కంటె ముందు గరగరే ఇనొస్తది. అయినా ఆమె నుంచే మొదలుపెట్టుమని చెప్తా. మంచి రికార్డింగ్‌ల మిషన్ పాలెంత, మనిషి పాలెంత అనేది తెల్వాలంటే ఆమె బతుకు తెల్వాలె.

ఆమె పుట్టింది 1873ల, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌ల ఉన్న ఆజంగఢ్‌ల. పెట్టిన పేరు ఏంజెలీనా యోవార్డ్. తండ్రి రాబర్ట్ ఆర్మీనియా మూలాలున్న క్రైస్తవుడు, మంచు ఫ్యాక్టరీల ఇంజనీరు. తల్లి విక్టోరియా. ఆమెకు తండ్రి ఇంగ్లీషాయన, తల్లి మన దేశపు మనిషి. బిడ్డ ఇంక చిన్నగున్నప్పుడే, 1879ల, మొగుడు పెండ్లాలు ఇడిపోయిన్రు. తల్లి బిడ్డను తీస్కొని ఖుర్షీద్ అనే ఆయన ఆసరాతోని కాశీకి పోయింది. ఇస్లాం తీసుకుంది. తల్లి మల్కా జాన్ అయింది, బిడ్డ గౌహర్ జాన్ అయింది.

మల్కా జాన్ ఉత్త పాటగత్తె కాదు. ఉర్దూల కవిత్వం రాసింది, పుస్తకం అచ్చేసింది. అట్లాంటోళ్లనే తవాయఫ్‌లు అన్నరు. పాట, ఆట, కవిత్వం, మాట మర్యాద అన్నీ నేర్చి నవాబుల, జమీందార్ల కొలువులల్ల బతికిన ఆడోళ్లు. మనకు కొత్త ముచ్చటేం గాదు. హైదరాబాద్‌ల మౌలాలి గుట్ట కింద సమాధి ఉన్న మహలఖా బాయి చందా సుత అసొంటి మనిషే, గౌహర్ కంటె నూరేండ్ల ముందు. ఆ సదువు మొగోళ్లల్ల కూడా చానమందికి లేకుండె. ఇప్పుడు తవాయఫ్ అన్న మాటను తిట్టు చేసినం.

1883ల తల్లీబిడ్డలు కలకత్తాకు వచ్చిన్రు. అవధ్ గద్దె పోయిన నవాబు వాజిద్ అలీ షా ఆడ మాటియాబుర్జ్‌ల ఉంటుండె. మల్కా ఆ కొలువుల చేరింది. చిత్పూర్ రోడ్డు మీద సొంత ఇల్లు కొన్నది. గౌహర్ అక్కడ్నే పెరిగింది. పటియాలా కాలే ఖాన్ తాన పాట, బిందాదీన్ మహారాజ్ తాన కథక్, చరణ్ దాస్ తాన బెంగాలీ కీర్తన నేర్చింది. 1887ల దర్భంగా రాజు కొలువుల మొదటిసారి పాడినప్పుడు ఆమెకు ఇంక పద్నాలుగేండ్లు. తర్వాత తానే గజళ్లు రాసింది, హమ్‌దమ్ అన్న కలం పేరుతోని.

ఇగ మిషన్ ముచ్చటకొస్తా. 1902ల లండన్ గ్రామఫోన్ కంపెనీ ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే అమెరికా ఆయన్ను మన దేశానికి తోలింది. ఈడి పాటలు ఈడనే రికార్డు చేసి ఈడనే అమ్మాలన్నది వాళ్ల యాపారం. కలకత్తాల హోటల్ గదులల్ల సామాను దించిన్రు. మొదలు థియేటర్ల పాడే శశిముఖి, ఫణిబాల అనే ఇద్దరి గొంతులు ఎక్కించిన్రు గని ఆయనకు మనసుకు పట్టలే. అదే నవంబర్‌ల గౌహర్ జాన్ వచ్చింది. ఒక్క కూర్చుంటకు మూడు వేల రూపాయలు తీసుకున్నదంటరు. తులం బంగారం ఇరవై, పాతిక రూపాయలకు దొరికే కాలం అది.

మైకు లేదు, కరెంటు లేదు. గోడ నుంచి పెద్ద గరాటు లెక్క బాకా ఒకటి బయటికి వచ్చి ఉంటది. దాని లోపలికి మొకం పెట్టి పాడాలె. ఆ గాలి ఒత్తిడికే రేకు బిళ్ల అదిరి, సూది తిరిగే మైనం పళ్లెం మీద గీత గీస్తది. నెమ్మదిగ పాడితే గీత పడదు. గట్టిగ ఒత్తితే సూది ఎగిరి ప్లేటు ఖరాబైతది. పై స్వరానికి పోంగనే తల ఎన్కకు గుంజుకోవాలె, కింది స్వరానికి దగ్గరకు జరగాలె. తప్పుపోతే అతుకు పెట్టుడు ఉండదు, మల్ల మొదటికి రావాలె. సారంగి, తబలా అన్నీ అదే బాకాకు ఇనపడాలె.

అన్నిటి కంటె కష్టం టైం. గంట సేపు మెల్లమెల్లగ ఇప్పే రాగం మూడు నిమిషాలల్ల ముగియాలె. పెద్ద పెద్ద ఉస్తాదులు ఈ పని తమ ఇజ్జత్‌కు తక్కువ అనుకున్నరు. గొంతును మిషన్ గుంజుకుంటదని భయపడినోళ్లు సుత ఉన్నరు. పెద్దింటి ఆడోళ్లు బయట పాడుడే లేదు. గా ఖాళీలకు తవాయఫ్‌లు వచ్చిన్రు. గౌహర్ జాన్ చేసిన పని ఏందంటే, ఆలాపన కురచ చేసింది, నడక పెంచింది, రాగం మొకం మొదటి క్షణంలనే చూపెట్టింది, చివరికి నాలుగు తానాలు ఇసిరి టైంకు దిగింది. సినిమా పాటైనా, మన జానపదమైనా మూడు నాలుగు నిమిషాల లెక్కల బతుకుతున్నయంటే ఆ బాట ఆమెసొంటోళ్లు ఏసిందే.

ప్లేటు చివర్ల ఆమె తన పేరు తానే ఇంగ్లీషుల చెప్తది. అది షోకు అనుకుంటరు గని పనికొచ్చే ముచ్చటే. అప్పట్ల మైనం పళ్లేలు ఓడెక్కి జర్మనీల హానోవర్ ఫ్యాక్టరీకి పోయేటియి. ఆడోళ్లకు మన పాట తెల్వదు, ఎవరిదో తెల్వదు. చివర్ల పేరు ఉంటే లేబుల్ సరిగ్గ అతికిస్తరు. కలకత్తా సియాల్దాల ఫ్యాక్టరీ పెట్టింది 1908ల. గని ఆమె గొంతుల ఆ పేరు ఇంటుంటే నాకు లేబుల్ గుర్తుకు రాదు. తండ్రి ఇడిసిపెట్టిన బిడ్డ, పేరు మారిన బిడ్డ, తన పేరును లోకం మీద గట్టిగ అచ్చు గుద్దినట్టే ఉంటది.

దాదాపు ఇరవై ఏండ్లల్ల పదికి పైన భాషలల్ల ఆరు వందల దాక పాటలు ఎక్కించింది. ఆమె బొమ్మ ఆస్ట్రియాల తయారైన అగ్గిపెట్టెల మీదికి సుత ఎక్కింది. 1911ల ఢిల్లీ దర్బార్‌ల, ఇంగ్లాండ్ రాజు ముంగట, అలహాబాద్ జానకీ బాయితోని కలిసి పాడింది. స్వరాజ్ నిధికి గాంధీ ఆమెను పాడుమని అడిగితే, ఆయన వచ్చి ఇనాలె అన్న షరతు పెట్టిందని ఒక ముచ్చట చెప్పుకుంటరు. ఆయన రాలే, మౌలానా షౌకత్ అలీని పంపిండు. వచ్చిన ఇరవై నాలుగు వేలల్ల సగమే ఇచ్చిందట. నాకైతే ఆ సగం లెక్క సరిగ్గనే ఉన్నదనిపిస్తది. పైసలు కావాలె గని ఆ పాట ముంగట కూసునుడు వద్దు అంటే ఎట్ల?

1906ల తల్లి చచ్చిపోయింది. ఆడికెళ్లి కోర్టులు పట్టుకున్నయి. ఇంట్ల పెరిగిన పనిమనిషి కొడుకు, మల్కా జాన్ కొడుకును నేనే, ఆస్తి నాదే అని కేసేసిండు. తాను మల్కా బిడ్డనే అని గౌహర్ రుజువు చేసుకోవాల్సి వచ్చింది. దేశమంత ఎరిగిన మనిషి, ఎప్పుడో ఇడిసిపోయిన తండ్రిని ఎతుక్కుంట పోయి సాక్ష్యానికి అడుక్కున్నది. కేసు గెలిచింది. తన దగ్గర పనిచేసిన అబ్బాస్‌ను చేసుకున్నది, ఆ పెండ్లి సుత ఆస్తి తగాదాలల్లనే తెల్లారింది. సంపాదించిన దాంట్ల చానా మటుకు వకీళ్ల పాలైంది. 1928ల మైసూరు మహారాజు కృష్ణరాజ ఒడెయార్ కొలువుల చేరింది. 1930 జనవరి 17 నాడు మైసూరులనే కన్నుమూసింది, యాభై ఆరేండ్లకు.

ఆమె పోయినంక కథ ఆగలే. ఆమెసొంటోళ్లు పాడితేనే గ్రామఫోన్ కంపెనీలు నిలబడ్డయి. పాట ఇంటింటికి చేరినంక, పెద్దింటి ఆడపిల్లలు పాడుడు మొదలైనంక, దారి ఏసినోళ్లను ఎల్లగొట్టిన్రు. 1940లల్ల ఆకాశవాణి, సొంత బతుకు మంచిగ లేదని పేరుపడ్డ ఆడోళ్లను పాడనియ్యొద్దని నియమం పెట్టింది. మొగ పాటగాళ్ల సొంత బతుకులు ఎవ్వరు అడగలే. ఇయ్యాల మన ఊర్ల ఆడపిల్ల జానపదం పాడితే లక్షల మంది ఇంటరు, అదే పాట కింద ఆమె బట్టల మీద, కులం మీద, నడత మీద రాతలు రాస్తరు. రాసేటోళ్లు ఎవరో కాదు, ఆ పాటకు ఎగిరినోళ్లే. స్పీకర్ మీద యాభై వేలు పెట్టి, గొంతు మీద గౌరవం పెట్టకుంటే ఆ సెట్టు ఏం చేసుకుంటవు తమ్మీ?

ఇగ ఆమెను ఎట్ల ఇనాలె అంటే, పాత ప్లేట్ల నుంచి ఎక్కించిన పాటలు ఇంటర్నెట్ల పైస లేకుండనే దొరుకుతయి. రస్ కే భరే తోరే నైన్ అన్న భైరవి ఠుమ్రీతోని మొదలుపెట్టుండ్రి. బాస్ బూస్ట్ బంద్ చేయుండ్రి, ఆ బాకా కింది శబ్దాన్ని పట్టనే లేదు, పెంచితే గుర్రుమనుడే మిగులుతది. అది మోనో రికార్డింగ్, ఒక్క స్పీకరే చాలు. గరగర మొత్తం తీసేసిన కాపీ జోలికి పోకుండ్రి, గరగరతోని పాటు గొంతు అంచు కూడా పోతది, దుప్పటి కప్పుకొని పాడినట్టుంటది. కొంచెం గరగర ఉన్నదే మంచిది, రెండు నిమిషాలైతే చెవి దాన్ని పక్కన పెడతది. ఒకే పాట రెండు కాపీలల్ల శ్రుతి తేడాగ ఉంటే బెదరకుండ్రి. అప్పట్ల ప్లేట్ల ఏగం అన్నిటికి ఒక్క తీరుగ లేకుండె, ఎక్కించినోళ్లు ఏగం ఎక్కువ పెడితే గొంతు సన్నబడుతది.

స, శ అక్షరాలు ఆ బాకాకు సరిగ్గ అందేటియి కావు, ఆ శబ్దం మరీ పైన ఉంటది. అయినా మాట తెలుస్తది. ఎట్ల తెలుస్తదో ఆడ చెవి పెట్టుండ్రి. దాని తర్వాత టేపు కాలంల వచ్చిన బేగం అఖ్తర్ ఎల్‌పీలు పెట్టుండ్రి, అప్పుడు మీ స్పీకర్ ఏం పలుకుతదో మీకే తెలుస్తది.