నీలి మాత్ర వెనుక మన సుబ్బారావు గారు

మన పుప్పాలగూడ హాస్టల్లో వారానికోసారి నీలిరంగు ఐరన్ మాత్ర ఇచ్చేవారు. కడుపులో తిప్పుతుందని చాటుగా పారేసినవాళ్ళలో మేమూ ఉన్నాం. అందులో ఇనుముతోపాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుందని తర్వాత తెలిసింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన తెలుగువారే, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. (పదో తరగతి తప్పిన మిత్రులు ఈ వాక్యం మళ్ళీ చదవాలి.) మామగారి సాయంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు.

ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గి మనిషి క్షీణించిపోయే జబ్బు అది.

తర్వాత అమెరికా వెళ్ళి, రాత్రుళ్ళు ఆసుపత్రిలో కూలిపని చేస్తూ హార్వర్డులో చదివారు. 1929లో ఫిస్కేతో కలిసి కండరాల నుంచి ఏ.టి.పి.ని వేరుచేశారు. మన కదలికకు శక్తినిచ్చే ఈ పదార్థంలో ఉండే ఎడినైన్ ఒక ప్యూరిన్.

1940లో లెడర్లే కంపెనీలో చేరారు. ఫోలిక్ యాసిడ్ కాలేయంలో ఉన్నా అతి స్వల్పం. రోగులందరికీ అందాలంటే తయారుచేయక తప్పదు. జర్మనీలో ట్రౌబే 1900లోనే ఒక దారి చూపాడు. అమైనో గుంపులున్న పిరిమిడిన్ వలయానికి ఫార్మిక్ యాసిడ్ నుంచి ఒక్క కార్బన్ చేరిస్తే పక్కన అయిదు మూలల వలయం కట్టుకుని గ్వానైన్ అనే ప్యూరిన్ వస్తుంది. అదే పిరిమిడిన్‌కు రెండు కార్బన్లు చేరితే ఆరు మూలల వలయం, అంటే టెరిడిన్ ఏర్పడుతుంది. ఫోలిక్ యాసిడ్ తల అదే. లెడర్లే బృందం ఆ పిరిమిడిన్‌ను మరో రెండు రసాయనాలతో ఒకే పాత్రలో కలిపి 1945లో ఫోలిక్ యాసిడ్ సాధించింది. సోదరులను తీసుకుపోయిన స్ప్రూకు అది మందయింది. అప్పటికి పాతికేళ్ళు గడిచిపోయాయి.

మన కణాలు ప్యూరిన్లు కట్టుకోవాలన్నా ఫోలిక్ యాసిడే కార్బన్లు మోసుకురావాలి. అందుకే దానిలా కనిపించి పని చెడగొట్టే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను ఆయన బృందమే చేసింది. వాటితో క్యాన్సర్ కణం ఎదుగుదల ఆగుతుంది. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుతున్నారు.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో ఆయన నిద్రలోనే కన్నుమూశారు. వెళ్ళినవారు మళ్ళీ ఇంటికి రాలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. ఆ బిడ్డను ఆయన చూడనే లేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన గురించి రాసేటప్పుడు ఆమె పేరు కూడా రాయాలని మాకు అనిపించింది.