పూటకూళ్ళ ఇంటి నుంచి హైకోర్టు దాకా

ఆంధ్రకేసరి అనగానే మనకు చిన్నప్పటి పాఠ్యపుస్తకం గుర్తుకొస్తుంది. సైమన్ కమిషను, పోలీసు తుపాకీ, దానికి ఎదురొడ్డిన గుండె. ఆ గుండె వెనుక ఒక గొప్ప వకీలు ఉన్నాడన్న సంగతి మాత్రం అంతగా గుర్తుండదు. బతుకుతెరువు కోసం సముద్రం దాటివచ్చిన మనకు ఆ వకీలు కథే ఇంకా దగ్గరగా అనిపిస్తుంది.

టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండేళ్ళ వయసులో తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. ఆ రోజుల్లో అది గౌరవమైన పని కాదు. అయినా ఆమె వెనుదీయలేదు. గురువు ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారు రాజమండ్రికి మారుతూ, మంచి చదువు దొరుకుతుందని శిష్యుణ్ణి కూడా వెంట తీసుకెళ్ళారు. నాటకాల్లో ఆడవేషాలు వేస్తూనే కుర్రవాడు చదువు సాగించాడు. సెకండ్ గ్రేడ్ ప్లీడరై రాజమండ్రిలో పేరు తెచ్చుకున్నాడు. పురపాలక సంఘానికి అధ్యక్షుడూ అయ్యాడు.

అయితే సెకండ్ గ్రేడ్ ప్లీడరుకి హైకోర్టులో నిలబడి వాదించే హక్కు లేదు. బారిస్టరైతే ఆ తలుపు తెరుచుకుంటుంది. సముద్రయానాన్ని తప్పుగా చూసే కాలం అది. మాంసం, మద్యం, పొగ ముట్టనని తల్లికి మాట ఇచ్చి, నడుస్తున్న ప్రాక్టీసు వదులుకుని 1904లో ఆయన ఇంగ్లండు ఓడ ఎక్కారు. అక్కడ చదువుతో పాటు దాదాభాయి నౌరోజీగారి ఎన్నికలకూ పనిచేశారు. 1907లో బారిస్టరై మద్రాసు చేరారు.

అప్పటికి మద్రాసు హైకోర్టులో పెద్ద వకీళ్ళంటే తెల్లవారూ తమిళులే. వారి మధ్య ఒక తెలుగు బారిస్టరు సివిలు దావాల్లోనూ క్రిమినల్ కేసుల్లోనూ నిలదొక్కుకున్నాడు. 'లా టైమ్స్' అనే న్యాయ పత్రికను నడిపాడు. 1911 జూన్‌లో తిరునల్వేలి కలెక్టరు ఆష్‌ను మణియాచ్చి రైల్వే స్టేషనులో వాంచినాథన్ కాల్చి చంపి, తానూ కాల్చుకున్నాడు. కుట్ర కేసులో 14 మందిని హైకోర్టు ప్రత్యేక బెంచి ముందు నిలబెట్టారు. ప్రభుత్వం కన్నెర్ర చేసిన ఆ రోజుల్లో ముద్దాయిల పక్షాన నిలిచిన న్యాయవాదుల్లో ప్రకాశంగారు ఒకరు. బిపిన్ చంద్రపాల్ మద్రాసులో మాట్లాడటానికి వస్తే అధ్యక్షత వహించడానికి ఇతరులు జంకారు. ఆ కుర్చీలోనూ ఆయనే కూర్చున్నారు.

డబ్బు బాగా వచ్చింది. కానీ 1921లో, సరిగ్గా సంపాదన పండుతున్న వేళ, కోర్టు వదిలేశారు. అదే ఏడాది 'స్వరాజ్య' పత్రిక పెట్టారు. ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటివారు అందులో పనిచేశారు. పేరు నిలిచింది గానీ డబ్బు నిలవలేదు. వకాలతులో వచ్చినదంతా పత్రిక మింగేసింది. భార్య హనుమాయమ్మగారి సంసారం కలిమి నుంచి లేమికి దిగింది. దేశసేవ ఖర్చులో ఇంటివాళ్ళ వాటాను మనం లెక్కలో వేయం.

1928 ఫిబ్రవరి 3న ఆయన తుపాకీకి గుండె చూపిన చోటు పారిస్ కార్నర్. ఏడేళ్ళ క్రితం తాను వదిలి వచ్చిన హైకోర్టు దానికి ఎదురుగానే ఉంది. గౌను పోయింది గానీ వాదన ఆగలేదు.

1937లో రెవెన్యూ మంత్రి అయ్యాక జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షులయ్యారు. జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేననీ, భూమి రైతుదనీ ఆ నివేదిక తేల్చింది. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. నా దృష్టిలో ఆయన జీవితంలోకెల్లా పెద్ద కేసు ఇదే. కక్షిదార్లు లక్షలాది రైతులు, ఫీజు సున్నా.

1946లో మద్రాసు ప్రధాని, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. 1954లో గుంటూరులో తెలుగువారికి సొంత హైకోర్టు ఆయన హయాంలోనే వెలిసింది. ఒకప్పుడు హైకోర్టు మెట్లెక్కడానికి లండను దాకా వెళ్ళిరావలసి వచ్చిన మనిషికి అది ఎంత తృప్తినిచ్చి ఉండాలి! ఒంగోలు ప్రాంతంలో తిరుగుతూ వడదెబ్బ తిని, 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. కూడబెట్టిన ఆస్తి ఏమీ మిగల్లేదు. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టారు.

రియాద్‌లోనో దమ్మామ్‌లోనో అరబ్బీలో సాగే విచారణ ముందు, భాష రాక నోరు విప్పలేక నిలబడే తెలుగు కూలీని చూస్తే నాకు ప్రకాశంగారే గుర్తొస్తారు. మనమంతా బారిస్టర్లం కానక్కరలేదు. తోడుగా వెళ్ళి, కాగితం చదివి చెప్పి, ఆ మనిషి తరఫున నాలుగు మాటలు మాట్లాడినా చాలు. పంతులుగారి వకాలతును మనం కొంతైనా కొనసాగించినట్టే.