డబ్ల్యు. సి. హాండీ

విలియం క్రిస్టఫర్ హాండీ (నవంబరు 16, 1873 - మార్చి 28, 1958) అమెరికాకు చెందిన నల్లజాతి సంగీతకారుడు, స్వరకర్త, ప్రచురణకర్త. దక్షిణ రాష్ట్రాల నల్లజాతి శ్రామికుల నోట వినిపించే బ్లూస్ పాటలను స్వరలిపిలో వ్రాసి అచ్చువేయించిన తొలివారిలో ప్రముఖుడు. ఇతడిని బ్లూస్ పితామహుడని పిలుస్తారు. నిజానికి బ్లూస్ ఇతడి సృష్టి కాదు. జనంలో ఉన్నదానికి లిఖిత రూపం ఇచ్చాడు.

బాల్యం

హాండీ అలబామా రాష్ట్రంలోని ఫ్లోరెన్స్‌లో జన్మించాడు. మతబోధకుడైన తండ్రికి లౌకిక సంగీతమంటే గిట్టదు. బాలుడు కూడబెట్టిన డబ్బుతో కొన్న గిటారును వాపసు చేయించి, బదులుగా నిఘంటువు తెప్పించాడు. అయినా హాండీ కార్నెట్ అనే ఇత్తడి వాద్యాన్ని చాటుగా నేర్చుకున్నాడు. తరువాత సంచార వాద్యబృందాలలో పనిచేశాడు. 1900 నుండి 1902 వరకు హంట్స్‌విల్‌లోని కళాశాలలో సంగీతం బోధించాడు.

టట్‌వైలర్ స్టేషను

1903 ప్రాంతంలో మిసిసిపీ రాష్ట్రంలోని టట్‌వైలర్ స్టేషనులో రైలు కోసం ఎదురుచూస్తుండగా, చినిగిన దుస్తులలో ఉన్న ఒక వ్యక్తి గిటారు తీగలపై కత్తిని నొక్కి జార్చుతూ, ఒకే పాదాన్ని మూడుసార్లు పాడటం విన్నాడు. ఆ గాయకుని పేరు చరిత్రకు అందలేదు. శాస్త్రోక్తమైన శిక్షణ పొందిన హాండీ దృష్టి నాటి నుండి ఈ పాటలపై పడింది.

బ్లూస్ నిర్మాణం

పాశ్చాత్య సంగీతంలో ఒకేసారి పలికే మూడు లేక అంతకు మించిన స్వరాల కూటమిని కార్డ్ అంటారు. స్వరం వెంట స్వరంగా నడిచే మన సంగీతానికి ఇది కొత్త. శంకరాభరణ స్వరాలలో చెప్పాలంటే షడ్జమంపై స-గ-ప, మధ్యమంపై మ-ద-స, పంచమంపై ప-ని-రి అనే మూడు కార్డులే బ్లూస్‌కు ఆధారం. నాలుగేసి మాత్రల ఆవర్తాలు పన్నెండు ఉంటాయి. మొదటి నాలుగు షడ్జమ కార్డుపై, 5, 6 మధ్యమ కార్డుపై, 7, 8 మరల షడ్జమంపై, 9, 10 పంచమంపై నడిచి, చివరి రెండింటిలో పాట షడ్జమానికి చేరుతుంది. పదవ ఆవర్తంలో మధ్యమ కార్డు రావడమూ పరిపాటి. సాహిత్యంలో తొలి పాదం రెండుసార్లు వచ్చి, మూడవ పాదం దానికి జవాబు చెబుతుంది.

అసలు విశేషం వేరే ఉంది. కార్డులో అంతర గాంధారం పలుకుతుండగా, గాయకుడు సాధారణ గాంధారం వైపు జారతాడు. నిషాదమూ అంతే. ఈ ఘర్షణే బ్లూస్‌కు ప్రాణం. గమకం వంటి ఆ జారుడును పియానో మెట్లు పలికించలేవు. హాండీ వాటిని కోమల స్వరాలుగా వ్రాశాడు. పాట దేశమంతటా వ్యాపించింది గాని, ఆ మేరకు కొంత నష్టమూ జరిగింది.

రచనలు, వివాదాలు

1909లో మెంఫిస్ నగర ఎన్నికలలో ఎడ్వర్డ్ క్రంప్ ప్రచారం కోసం కట్టిన బాణీ 1912లో మెంఫిస్ బ్లూస్‌గా వెలువడింది. హాండీ దాని హక్కులను కొద్దిపాటి సొమ్ముకు అమ్ముకున్నాడు. లాభం ఇతరులకు పోయింది. 28 ఏళ్ల గడువు ముగిసి 1940లో గాని ఆ హక్కు తిరిగి రాలేదు. ఈ అనుభవంతో హ్యారీ పేస్‌తో కలిసి నడిపిన సొంత సంస్థ ద్వారా 1914లో సెయింట్ లూయిస్ బ్లూస్ ప్రచురించాడు. పన్నెండు ఆవర్తాల బ్లూస్‌తోపాటు టాంగో లయలో సాగే భాగం కూడా ఇందులో ఉంది. 1925లో బెస్సీ స్మిత్ దీనిని పాడగా, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ వాయించాడు.

1938లో పియానో విద్వాంసుడు జెల్లీ రోల్ మార్టన్, హాండీకి దక్కుతున్న కీర్తిని బహిరంగ లేఖలో తీవ్రంగా ఖండించాడు. అందరి సొత్తయిన పాటలపై ఒకరి పేరు వేయవచ్చునా అన్న ప్రశ్న ఆనాటి నుండీ ఉన్నదే. హాండీ ఆత్మకథ 1941లో వెలువడింది.

చివరి రోజులు

1943లో న్యూయార్క్ భూగర్భ రైల్వే ప్లాట్‌ఫారంపై నుండి పడి చూపు కోల్పోయాడు. 1958లో అదే నగరంలో మరణించాడు. ఆ ఏడాదే ఇతడి జీవితంపై సెయింట్ లూయిస్ బ్లూస్ అనే చలనచిత్రం విడుదలైంది. హాండీ పాత్రను నాట్ కింగ్ కోల్ ధరించాడు. అమెరికా తపాలా శాఖ 1969లో ఇతడి స్మారక బిళ్ళ విడుదల చేసింది.