తలుపు దగ్గర నలభై ఏళ్ళు

శాస్త్రవేత్తల గురించీ, దేశనాయకుల గురించీ రాయగల సమర్థులు మన కాలేజీలో చాలామందే ఉన్నారు. అందుచేత నేను ఒక కాలేజీలో తలుపు దగ్గర పనిచేసిన మనిషి గురించి రాయదలిచాను. ఆయన కెనడాలోని మాంట్రియల్ నగరానికి చెందిన బ్రదర్ ఆండ్రే.

అసలు పేరు ఆల్‌ఫ్రెడ్ బెస్సెట్. 1845 ఆగస్టు 9న క్యూబెక్ ప్రాంతంలో, ఫ్రెంచి మాట్లాడే పేద కుటుంబంలో జన్మించాడు. తొమ్మిదో ఏట, చెట్టు మీద పడి తండ్రి పోయాడు. పన్నెండో ఏట క్షయతో తల్లి పోయింది. పిల్లలు తలోదిక్కూ అయిపోయారు, ఈయన బంధువుల పంచన చేరాడు. పొలం పని, చెప్పులు కుట్టడం, రొట్టెలు కాల్చడం, కమ్మరం అన్నీ చూశాడు. 1863 నుంచి నాలుగేళ్ళు అమెరికా వెళ్ళి బట్టల మిల్లుల్లో కూలి చేశాడు. ఎందులోనూ నిలదొక్కుకోలేదు. సోమరి కాదు పాపం, ఒంట్లో సత్తువ లేదు, జీవితాంతం కడుపుజబ్బు. రెక్కల కష్టం మీద బతికేచోట రెక్కల్లో బలం లేనివాడి సంగతి ఎలా ఉంటుందో మావంటి రైతు కుటుంబాలవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

1870లో ఊరి ఫాదర్ ఆండ్రే ప్రొవాన్సాల్ ఈయన్ని హోలీ క్రాస్ అనే కథోలిక సభకు పంపుతూ, మీకొక పునీతుణ్ణి పంపుతున్నానని ఉత్తరం రాశాడట. ఆ ఫాదర్ పేరే ఈయన పెట్టుకున్నాడు. సభవారికి కనబడింది మాత్రం చదువు రాని రోగిష్టి మనిషి. ఉంచుకుందామా వద్దా అని వాళ్ళు వెనకాడితే బిషప్పు బూర్జే కలగజేసుకోవలసి వచ్చింది. 1874లో శాశ్వత వ్రతం పుచ్చుకున్నాడు.

నోత్ర్‌డామ్ కాలేజీలో ఆయనకిచ్చిన ఉద్యోగం తలుపు తీయడం. నేల కడగడం, ఉత్తరాలు తేవడం, విద్యార్థులకు జుట్టు కత్తిరించడం కూడా ఆయన పనే. చేరగానే తనను తలుపు దాకా పంపారనీ, తాను మాత్రం బయటికి పోకుండా నలభై ఏళ్ళు అక్కడే ఉండిపోయాననీ నవ్వుతూ చెప్పేవాడట!

ఆ తలుపు దగ్గరకే రోగులు రాసాగారు. పునీత జోజప్పకు ప్రార్థన చేసి, ఆయన స్వరూపం ముందు వెలిగే దీపంలోని నూనె రాయమనేవాడు. నయమైందని జనం చెప్పుకున్నారు. కొందరు డాక్టర్లు మోసగాడన్నారు. రోగులు వస్తే పిల్లలకు అంటుకుంటుందని తల్లిదండ్రులు గొడవపెడితే, ఎదురుగా ఉన్న ట్రాం స్టేషన్లో కలుసుకునేవాడు. నూనెకు మహిమ ఉందని మా ల్యాబులో రుజువు చేయమంటే నావల్ల కాదు. నమ్మని మిత్రులతో నాకు పేచీ కూడా లేదు. కానీ నయం చేసింది నువ్వేనని ఎవరైనా అంటే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేదట, అంతా జోజప్ప చలవ అనేవాడు. ఇంత పేరొచ్చాక కూడా దాన్ని తన ఖాతాలో వేసుకోకుండా ఉండడం నాకు నూనె కంటే పెద్ద వింత.

జోజప్పకు కొండమీద గుడి కట్టాలని ఆశ. జుట్టు కత్తిరిస్తే ఐదు సెంట్లు. ఆ చిల్లరా, చిన్న చిన్న కానుకలూ కలిపి సుమారు 200 డాలర్లు కూడబెట్టాడు. అంతా క్షవరం డబ్బే అనుకుంటే 4,000 తలలు! 1904లో మౌంట్ రాయల్ మీద చిన్న చెక్క గుడి లేచింది. 1909లో తలుపు పని మాన్పించి ఆ గుడి అప్పగించారు. 1917లో వెయ్యిమంది పట్టే చర్చి వచ్చింది, 1924లో మహాదేవాలయం మొదలైంది. 1931లో ఆర్థిక మాంద్యంతో పని ఆగిపోయింది. గోడలున్నాయి, కప్పు లేదు. జోజప్ప విగ్రహాన్ని అందులో పెట్టండి, కప్పు కావాలంటే ఆయనే చూసుకుంటాడని 1936లో ముసలి బ్రదర్ సలహా. అలాగే పెట్టారు.

ఆ కప్పు ఆయన చూడలేదు. 1937 జనవరి 6న 91వ ఏట కన్నుమూశాడు. గడ్డకట్టే చలిలో దాదాపు పది లక్షల మంది కడసారి చూడడానికి వచ్చారు. ఆ తర్వాత పని సాగి, మొత్తం కట్టడం 1967కి పూర్తయింది. భద్రపరచిన ఆయన గుండెను 1973లో దొంగలు ఎత్తుకుపోతే మరుసటి ఏడు చివర్లో దొరికింది. 1982లో ధన్యుడిగా, 2010 అక్టోబరు 17న పునీతుడిగా ప్రకటించారు.

ఆ పెద్ద గుడి పక్కన 1904 నాటి చెక్క గుడి, దాని పైన ఆయన పడుకున్న చిన్న గది ఇప్పటికీ ఉన్నాయి. రోడ్డుకు అవతల నోత్ర్‌డామ్ కాలేజీ నడుస్తూనే ఉంది.