చంద్రునిపై కెమెరా పట్టిన చెయ్యి

పెళ్ళి ఆల్బం తిరగేస్తే అందరూ కనిపిస్తారు. వధూవరులు, మేనమామలు, పందిట్లో బంతిభోజనాలకు కూర్చున్నవాళ్ళు, చివరికి వాకిట్లో ఆడుకునే పిల్లలు కూడా. కనిపించనివాడు ఒక్కడే, ఆ ఫొటోలు తీసినవాడు. పెళ్ళి సంగతి సరే. మానవుడు మొట్టమొదటిసారి చంద్రుని మీద కాలు మోపిన ఘట్టానికి కూడా దాదాపు ఇదే గతి పట్టిందంటే విద్యార్థి మిత్రులు కొందరు నమ్మకపోవచ్చు. అందుకే నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితాన్ని ఆయన కెమెరా వైపు నుంచి నాలుగు మాటలు రాయబూనాను.

1969లో నేను కరీంనగర్‌లో పి.యు.సి. విద్యార్థిని. తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉండి కాలేజీలు నడవని సంవత్సరం అది. టెలివిజన్ అప్పటికి మన దేశంలో ఒక్క ఢిల్లీలోనే ఉండేది. మాకు దిక్కు రేడియో, పత్రికలు. పత్రికల్లో అచ్చయిన ఆ ఫొటోలను చూసి, తెల్లదుస్తుల్లో నిలబడ్డ మనిషే ఆర్మ్‌స్ట్రాంగ్ అని ఊరంతా అనుకున్నది. నేటికీ చాలామంది అట్లాగే అనుకుంటారు. నిజానికి ఆ మనిషి ఆయన సహచరుడు బజ్ ఆల్డ్రిన్.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1930 ఆగస్టు 5న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, వాపకొనెటా అనే చిన్న పట్టణం దగ్గర జన్మించారు. తండ్రి రాష్ట్ర ప్రభుత్వంలో ఆడిటర్. మన దగ్గర తహసీల్దారు పిల్లలు ఊరూరా బడులు మారినట్టు ఈయన బాల్యమూ బదిలీలతోనే గడిచింది. మందుల దుకాణంలో పనిచేసి, ఆ కూలి డబ్బుతో విమానం నడపడం నేర్చుకున్నారు. పదహారో ఏట విమానం లైసెన్సు చేతికొచ్చింది. కారు లైసెన్సు ఆ తర్వాతి ముచ్చట! 1947లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగులో చేరారు. చదువు మధ్యలో నౌకాదళం పిలిచింది. కొరియా యుద్ధంలో 78 సార్లు విమానం తీసుకుపోయారు. ఒకసారి రెక్క తెగిన విమానం నుంచి పారాచూట్‌తో దూకి బతికిపోయారు. తిరిగొచ్చి చదువు పూర్తిచేసి, కొత్త విమానాలను పరీక్షించే పైలట్‌గా కుదిరారు.

1962 జనవరిలో రెండేళ్ళ కూతురు కరెన్ మెదడులో కణితి వల్ల చనిపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన వ్యోమగామిగా ఎంపికయ్యారు. దుఃఖాన్ని బయటకు చెప్పుకునే మనిషి కాదు. 1966 మార్చిలో జెమినీ 8 నౌక అదుపు తప్పి బొంగరంలా సెకనుకు ఒక చుట్టు తిరుగుతుంటే తొణకకుండా దారికి తెచ్చారు. ఆయనను చంద్రుని దాకా తీసుకుపోయింది ఈ నెమ్మదితనమే అని నా అభిప్రాయం.

ఇక అసలు విషయం. 1969 జూలై 21న మన గడియారం ప్రకారం ఉదయం 8 గంటల 26 నిమిషాలకు ఆయన చంద్రుని నేలపై అడుగుపెట్టారు. కాసేపటికి ఆల్డ్రిన్ పైనుంచి బావి గిరక తాడులాంటి ఏర్పాటు మీద కెమెరాను కిందికి పంపారు. స్వీడన్‌లో తయారైన హాసెల్‌బ్లాడ్ అది. వేడికి తట్టుకోవడానికి వెండిరంగు వేశారు. లావుపాటి చేతితొడుగులతో పట్టుకోవడం కష్టం గనుక ఛాతీ మీది కొక్కానికి తగిలించుకునే వీలు పెట్టారు. కన్ను ఆనించి చూడడానికి వ్యూఫైండర్ లేదు. మనిషి ఎటు తిరిగితే ఫొటో అటు పడుతుందన్నమాట. ఫిల్ముకు ముందు ఒక గాజుపలక, దాని మీద సన్నని కూడిక గుర్తులు. ఆ గుర్తుల సాయంతో ఫొటోలోని కొలతలు సరిచూసేవారు.

బయట గడిపింది రెండున్నర గంటలు. ఆ కాస్త సమయంలో వందకు పైగా రంగుల ఫొటోలు తీశారు. నేల, రాళ్ళు, పరికరాలు, నౌక కాళ్ళు, ఆల్డ్రిన్. పని పట్టిక ప్రకారం కెమెరా ఎక్కువసేపు ఉండవలసింది ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గరే. ఆల్డ్రిన్ చేతికి వచ్చినప్పుడు ఆయన అప్పగించిన పనే చేశారు. మట్టి స్వభావం తెలియడానికి తన బూటు ముద్రను ఫొటో తీశారు. లోకమంతా ఆర్మ్‌స్ట్రాంగ్ తొలి అడుగుగా భ్రమించే ఆ ముద్ర ఆల్డ్రిన్‌ది! ఆల్డ్రిన్ కావాలనే ఆయన ఫొటో తియ్యలేదని నిందించేవాళ్ళున్నారు. నాకది న్యాయంగా తోచదు.

తిరిగొచ్చాక ఫిల్ము కడిగి చూస్తే, చంద్రుని నేల మీద నిలబడ్డ తొలి మానవుని మంచి ఫొటో ఒక్కటీ లేదు. ఏళ్ళ తరబడి అసలే లేదనుకున్నారు. తర్వాత నిదానంగా వెతికితే, ఆల్డ్రిన్ చుట్టూ తిరుగుతూ తీసిన వరుసలో ఒకదాంట్లో నౌక పక్కన వీపు తిప్పి పనిచేసుకుంటున్న ఆకారం తేలింది. అదే ఆర్మ్‌స్ట్రాంగ్. మరి ప్రసిద్ధమైన ఆ ఆల్డ్రిన్ చిత్రంలో? హెల్మెట్ బంగారు అద్దంలోకి తేరిపార చూడండి. చిన్న తెల్లని బొమ్మగా కెమెరామన్ కనిపిస్తాడు. లోపలికి వచ్చాక ఆల్డ్రిన్ తీసిన మరో ఫొటో ఉంది. అలసిన ముఖం, చెమ్మగిల్లిన కళ్ళు, పసివాడి నవ్వు. నాకు అన్నింటికంటే ఇష్టమైనది అదే.

ఆదిలాబాద్‌లో ఫిజిక్స్ పాఠాలు చెప్పిన రోజుల్లో విద్యార్థులు తప్పక అడిగే ప్రశ్న ఒకటుండేది. ఆకాశం నల్లగా ఉంటే చుక్కలేవి సార్, ఇదంతా బూటకమా అని. కేస్లాపూర్ నాగోబా జాతరకు పొమ్మనేవాణ్ణి. పుష్య అమావాస్య నాటి చీకటిలో ఆకాశం నిండా చుక్కలే. కాని దీపాల కింద నిలబడ్డవాళ్ళ ముఖాలు తేటగా పడేట్టు ఫొటో తీస్తే వెనక ఒక్క చుక్కా రాదు. చంద్రుని నేల ఎండలో వెలుగుతున్నది. ఆ వెలుగుకు తగ్గట్టు కెమెరా కన్ను రెప్పపాటు కాలమే తెరుచుకుంటుంది. అంతలో చుక్కల మసక వెలుతురు ఫిల్ముకు ఆనదు. ఇందులో మాయా లేదు, మర్మమూ లేదు. ఇంకో మాట, వాళ్ళు ఫొటో తీసి తెచ్చిన రాళ్ళల్లో ముఖ్యమైనది బసాల్ట్. ఆదిలాబాద్ పత్తి చేల నల్లరేగడి పుట్టిందీ ఆ జాతి రాయి నుంచే.

కీర్తి ఆయనను వెంటాడింది, ఆయన తప్పుకుంటూ పోయారు. 1969 అక్టోబరులో ముగ్గురు వ్యోమగాములూ ప్రపంచయాత్రలో భాగంగా బొంబాయికి వచ్చారు. 1971లో ఆయన నాసాను వదిలి సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యారు. 1979 దాకా మనలాగే సుద్దముక్క పట్టి పాఠాలు చెప్పారు. మా అధ్యాపక వర్గానికి ఇది గర్వకారణం! సంతకాలు అంగట్లో అమ్ముడుపోవడం చూసి 1994 ప్రాంతంలో సంతకాలు పెట్టడమే మానేశారు. 1986లో చాలెంజర్ ప్రమాదంపై వేసిన విచారణ సంఘానికి ఉపాధ్యక్షులుగా పనిచేశారు.

2012 ఆగస్టు 25న, గుండె ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులతో కన్నుమూశారు. అస్థికలను అట్లాంటిక్ సముద్రంలో కలిపారు. సమాధి అంటూ లేదు. కొన్నాళ్ళకు భార్య ఇంట్లో బీరువా సర్దుతుంటే తెల్లని బట్టసంచి ఒకటి బయటపడింది. చంద్రుని మీదే వదిలేసి రావలసిన చిల్లర సామాను అది. మ్యూజియం వాళ్ళు పరీక్షించి 2015లో ఆ సంగతి ప్రకటించారు. అందులో చిన్న సినిమా కెమెరా ఒకటున్నది. నౌక కిటికీకి బిగించి ఉండి, ఆయన నిచ్చెన దిగి చంద్రుని నేలపై నడవడాన్ని చిత్రించినది అదే.