సంధికర్త హెన్రీ క్లే

రాజకీయ స్వాతంత్ర్యము లభించినంత మాత్రమున దేశమునకు ఆర్థిక స్వాతంత్ర్యము సిద్ధింపదు. కట్టుబట్టకును, నాగటి కర్రునకును పరదేశముపై ఆధారపడిన జాతి జెండా మార్చుకొన్నను పరాధీనమే. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ సత్యమును గుర్తించి, పరస్పర విరుద్ధములైన పక్షములను ఒక్క శాసనము చెంతకు తెచ్చుటకు పాటుపడిన నాయకుడు హెన్రీ క్లే.

ఆయన 1777 ఏప్రిల్ 12వ తేదీన వర్జీనియాలో జన్మించెను. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. రిచ్మండు నగరమున జార్జి విత్ అను న్యాయాధీశునివద్ద లేఖకుడుగా పనిచేసి, న్యాయశాస్త్రము నేర్చి, 1797లో పడమటి రాష్ట్రమగు కెంటకీకి తరలి న్యాయవాదిగా పేరుగాంచెను.

కెంటకీ శాసనసభలో ఆయన ఒక తీర్మానము ప్రతిపాదించెను. సభ్యులు ఆంగ్లదేశపు వస్త్రములు విడిచి స్వదేశమున నేసిన బట్టలనే ధరింపవలెనని దాని సారాంశము. హంఫ్రీ మార్షల్ అను సభ్యుడు దానిని తీవ్రముగా గర్హించెను. వాదము ముదిరి 1809 జనవరిలో ద్వంద్వయుద్ధముగా పరిణమించెను, ఇరువురును గాయపడిరి. నాడు బట్టకై తుపాకి పట్టిన యువకుడే తరువాత రాజీలకు పేరుమోసెను.

1811లో ప్రతినిధుల సభలో అడుగిడిన తొలినాడే సభ్యులు ఆయనను సభాపతిగా ఎన్నుకొనిరి. మరుసటి యేట బ్రిటనుతో యుద్ధము వచ్చెను. సముద్రమార్గము మూతపడగా దిగుమతులు తగ్గి స్వదేశపు మిల్లులు వృద్ధిచెందెను. 1814 చివర సంధి కుదిరిన పిమ్మట ఆంగ్లవస్త్రములు చౌకధరలకు రేవులలో గుట్టలుపడెను. క్రొత్త మిల్లులు క్రుంగిపోయెను.

1816లో వచ్చిన శాసనము ప్రత్తి, ఉన్ని వస్త్రముల దిగుమతిపై నూటికి 25 వంతుల సుంకము విధించెను. దక్షిణ కరోలినా నాయకుడు జాన్ కాల్హూన్ సైతము దానిని బలపరచెను. రిపబ్లికనులును, ఫెడరలిస్టులును పలువురు అనుకూలముగా ఓటువేసిరి. మరల యుద్ధము రావచ్చునను భయము వారిని కలిపెను.

1824లో క్లే తన పథకమునకు అమెరికా విధానమని పేరిడి వివరించెను. సుంకములు మిల్లులను కాపాడును. మిల్లులు రైతు పంటకు ఇంటనే గిరాకి కల్పించును. ప్రభుత్వ రాబడితో రోడ్లు, కాలువలు వెలయును. జాతీయ బ్యాంకు ద్రవ్యమును నిలకడగా నుంచును. కాని ఆ యేటి సుంకముల బిల్లు ప్రతినిధుల సభలో 107-102 ఓట్లతో మాత్రమే గట్టెక్కెను. దక్షిణాదివారు ప్రత్తిని విదేశములకమ్మి వస్తువులు కొనువారు. లాభము ఉత్తరాది మిల్లు యజమానికి, ఖర్చు తమకు అని వారు తలచిరి. 1828లో సుంకములు మరింత పెరుగగా అసంతృప్తి ఆగ్రహముగా మారెను. 1832 నవంబరులో దక్షిణ కరోలినా ఆ శాసనములు తన గడ్డపై చెల్లవని ప్రకటించెను. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ సైనికబలము ప్రయోగించుటకు సిద్ధపడెను.

అంతర్యుద్ధము వాకిట నిలిచినట్లుండెను. క్లే తన ప్రియ పథకముకొరకు పంతము పట్టలేదు. పూర్వమిత్రుడై విరోధిగా మారిన కాల్హూన్‌తో చేయి కలిపెను. నూటికి 20 వంతులు మించిన సుంకములను 1842 నాటికి ఆ మట్టమునకు దించు బిల్లును 1833 ఫిబ్రవరిలో సెనేట్‌లో ప్రవేశపెట్టెను. మిల్లులకు సర్దుకొనుటకు తొమ్మిదేండ్ల గడువు లభించెను. దక్షిణ కరోలినాకు మర్యాదతో వెనుదిరుగు దారి లభించెను. మార్చిలో బిల్లు శాసనమయ్యెను. ఆ రాష్ట్రము సుంకములపై తన ప్రకటనను ఉపసంహరించుకొనెను.

ఈ చరిత్రలో చీకటి భాగమును కలదు. క్లే బానిసలుగల భూస్వామి. ఆయన పొలములలో త్రాళ్లకును గోనెలకును పనికివచ్చు నారపంట పండెడిది. దానికిని సుంకపు రక్షణ కలదు. శ్రమ మాత్రము బానిసలది. ఆయన ఆరంభించిన 1850 నాటి రాజీలో పారిపోయిన బానిసలను పట్టియిచ్చు కఠిన శాసనము చేరెను. చర్చలో చోటులేనివారే ఆ రాజీకి మూల్యము చెల్లించిరి.

1824, 1832, 1844 ఎన్నికలలో క్లే అధ్యక్షపదవికి పోటీచేసి మూడుమారులును ఓడెను. 1852 జూన్ 29వ తేదీన వాషింగ్టన్‌లో మరణించెను. శాసనసభా భవనపు గోపురము క్రింద ప్రజల దర్శనార్థము భౌతికకాయము నుంచబడిన మొదటి వ్యక్తి ఆయనయే. ఆయనను ఆదర్శముగా భావించిన అబ్రహాము లింకన్ పాలనలో రక్షణ సుంకములు, జాతీయ బ్యాంకుల వ్యవస్థ, పసిఫిక్ తీరమునకు రైలుమార్గము శాసనబలము పొందెను.

పరిశ్రమను కాపాడు శాసనము అయిదు ఓట్ల ఆధిక్యముతో నెగ్గవచ్చును. దాని భారము మోయువారి సమ్మతి లేనిచో అది నిలువజాలదు. క్లే జీవితము ఈ పాఠమును నేర్పును. సమ్మతి నడుగునపుడు ఎవ్వరిని విస్మరింపరాదో కూడ ఆ జీవితమే హెచ్చరించును.