ఇడా బి. వెల్స్

ఇడా బి. వెల్స్ (జూలై 16, 1862 - మార్చి 25, 1931) ప్రసిద్ధ అమెరికన్ పాత్రికేయురాలు, ఉపాధ్యాయిని, మహిళా ఓటుహక్కు ఉద్యమకారిణి. నల్లజాతివారిపై జరిగిన మూకహత్యలను స్వయంగా విచారించి, సాక్ష్యాధారాలతో ప్రకటించిన తొలితరం నేర పరిశోధక పాత్రికేయులలో ఈమె అగ్రగణ్యురాలు.

బాల్యం, ఉద్యోగం

ఇడా మిసిసిపీ రాష్ట్రంలోని హోలీ స్ప్రింగ్స్‌లో బానిస దంపతులకు జన్మించింది. 1878లో పచ్చజ్వరం సోకి తల్లిదండ్రులు, ఒక తమ్ముడు మరణించారు. పదహారేళ్ళ ఇడా బడిపంతులమ్మగా చేరి మిగిలిన తోబుట్టువులను పోషించింది. తరువాత మెంఫిస్ చేరుకొంది. టిక్కెట్టు ఉన్నా తనను మహిళల పెట్టెలోనుండి బలవంతంగా దింపివేసిన రైల్వే కంపెనీపై దావా వేసి, 1884లో 500 డాలర్ల పరిహారం గెలిచింది. 1887లో టెనెస్సీ సుప్రీం కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది.

పాత్రికేయ జీవితం

"అయోలా" అనే కలం పేరుతో వ్యాసాలు వ్రాస్తూ, 1889లో "ఫ్రీ స్పీచ్" పత్రికలో భాగస్వామి అయింది. నల్లజాతి పిల్లల బడుల దుస్థితిని విమర్శించినందుకు 1891లో ఉపాధ్యాయ ఉద్యోగం పోయింది.

1892 మార్చిలో మెంఫిస్‌లో ముగ్గురు నల్లజాతీయులను మూక జైలునుండి లాక్కొనిపోయి కాల్చి చంపింది. వారు నడుపుతున్న కిరాణా దుకాణం శ్వేతజాతి వర్తకునికి పోటీగా ఉండేది. హతులలో ఒకరైన థామస్ మాస్ ఇడాకు ఆప్తమిత్రుడు. అత్యాచారం చేసినవారినే మూకలు శిక్షిస్తున్నాయన్న ప్రచారం నిజమేనా అని ఆమె పలు ఘటనలను పరిశీలించింది. ఎన్నో ఉదంతాలలో అటువంటి ఆరోపణయే లేదని, ఉన్నచోట కూడా చాలావరకు నిరాధారమని తేలింది. ఈ సంగతి ప్రచురించగానే, ఆమె ఊళ్ళో లేని సమయంలో, మే నెలలో పత్రిక కార్యాలయాన్ని ధ్వంసం చేశారు. తిరిగివస్తే చంపుతామని బెదిరించారు.

న్యూయార్క్‌లో ఉండి "సదరన్ హారర్స్" (1892), తరువాత "ఎ రెడ్ రికార్డ్" (1895) ప్రచురించింది. శ్వేతజాతివారి పత్రికలే ప్రకటించిన లెక్కలను ఈ రెండవ పుస్తకంలో ఆధారంగా చూపడంవల్ల వాటిని కాదనడం ప్రత్యర్థులకు కష్టమయింది. 1893, 1894 సంవత్సరాలలో బ్రిటన్‌లో పర్యటించి ఉపన్యాసాలిచ్చింది.

తరువాతి జీవితం

1895లో న్యాయవాది ఫెర్డినాండ్ బార్నెట్‌ను వివాహమాడి షికాగోలో స్థిరపడింది. వీరికి నలుగురు సంతానం. 1909లో నల్లజాతివారి పౌరహక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. స్థాపకులలో ఈమె ఒకరు. 1913లో నల్లజాతి మహిళల ఓటుహక్కు కోసం ఆల్ఫా సఫ్రేజ్ క్లబ్‌ను స్థాపించింది. 1919లో ఆర్కాన్సాలో జరిగిన మారణకాండ అనంతరం పన్నెండుగురు నల్లజాతి రైతులకు మరణశిక్ష పడగా, బంధువులతో కలిసి జైలులోకి వెళ్ళి వారి వాఙ్మూలాలు సేకరించింది. పన్నెండుగురూ చివరకు ఉరిశిక్ష తప్పించుకొన్నారు.

మరణం, గుర్తింపు

1931లో షికాగోలో మరణించింది. ఆత్మకథను కుమార్తె అల్ఫ్రెడా డస్టర్ 1970లో వెలువరించింది. 2020లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం లభించింది. మూకహత్యను సమాఖ్య నేరంగా పరిగణించే చట్టం అమెరికాలో 2022లో, అనగా ఆమె మరణించిన 91 సంవత్సరాలకు అమలులోకి వచ్చింది.